గొట్టాలకు పట్టిన గార: ఆవిరి చమురు వెనక నీటి కథ

1959లో వెనెజులాలోని మెనె గ్రాండెలో షెల్ కంపెనీ చిక్కటి చమురును ఆవిరితో నెట్టి చూస్తోంది. ఉన్నట్టుండి ఆవిరి నేలను చీల్చుకుని పైకి తన్నింది. ఒత్తిడి తగ్గిద్దామని ఆవిరి పంపే బావినే వెనక్కి తెరిచారు. అందులోంచి చమురు ధారగా వచ్చింది. ఆవిరి పంపి, కొన్నాళ్లు ఆగి, అదే బావిలోంచి తోడుకునే పద్ధతి అలా అనుకోకుండా దొరికింది. అయితే చమురు ఒక్కటే రాదు, పంపిన ఆవిరి కూడా నీరై వెంట వస్తుంది. చిక్కంతా ఆ నీటితోనే.

కెనడాలోని ఆల్బర్టాలో చమురు ఇంకా మొండిది. ఇసుకను అంటుకున్న తారులాంటి బిటుమెన్ అది. ఇంపీరియల్ ఆయిల్‌లో పనిచేసిన రోజర్ బట్లర్ 1970లలో దీనికి ఒక దారి చెప్పాడు: ఒకదాని కింద ఒకటిగా, నేలలో అడ్డంగా సాగే రెండు బావులు, పైదాంట్లో ఆవిరి, కరిగి జారిన చమురు కిందిదాంట్లోకి. 1980ల చివర్లో ఆస్ట్రా అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఫోర్ట్ మెక్‌మరీ దగ్గర దాన్ని పరీక్షించింది. అందుకోసం చమురు ఇసుక కిందున్న సున్నపురాయిలో సొరంగాలు తవ్వి, అక్కణ్ణించి బావులు పైకి తొలిచారు! 2001లో ఫోస్టర్ క్రీక్‌లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది.

ఒక బ్యారెల్ చమురుకు రెండు మూడు బ్యారెళ్ల నీటిని ఆవిరి చేయాలి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. ప్రతిసారీ కొత్త నీళ్లు తోడితే ఊరుకోరు. వాడిన నీటినే మళ్లీ వాడాలని ఆల్బర్టా నియంత్రణ సంస్థ 1989లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2012 నాటి డైరెక్టివ్ 081 అనే ఆదేశం ఎంత నీటిని పారబోయవచ్చో పరిమితులు పెట్టింది.

ఇక్కడే హీట్ ఎక్స్ఛేంజర్ ఇరుక్కుంది. ఒక నీటి వేడిని గొట్టాల గోడల గుండా ఇంకో నీటికి అందించే పరికరం అది. చమురు నుంచి వేరయ్యేటప్పటికి నీరు సుమారు 130 డిగ్రీల వేడి మీద ఉంటుంది. మిగిలిన నూనె తీసే ట్యాంకులు, అక్రోటు పెంకుల ఫిల్టర్లు మామూలు చమురు క్షేత్రాల నుంచి వచ్చినవి. ఆ ట్యాంకులు ఒత్తిడి తట్టుకోవు, కాబట్టి నీరు మరిగే స్థాయికి కిందే, 85-90 డిగ్రీల దగ్గర ఉండాలి. అంటే వేడి నీటిని చల్లార్చి, శుభ్రం చేసి, మళ్లీ 300 డిగ్రీల దాకా కాచాలి. చూడ్డానికి పిచ్చిపనిలా ఉంటుంది. ఆ వేడి వృథా పోకుండా బాయిలర్‌కు వెళ్లే నీటికి అందించేది ఎక్స్ఛేంజరే.

చల్లారే చోటే గార పడుతుంది. భూమిలో మరిగిన నీరు ఇసుకలోంచి సిలికాను కరిగించుకుని వస్తుంది. దానికి తోడు చమురులోంచి దిగిన సేంద్రియ పదార్థాలు, విడిపోని నూనె చుక్కలు. నీటికి తగిలే లోహంలో అన్నిటికన్నా చల్లగా ఉండేది గొట్టం గోడ, అందుకని ఇవన్నీ అక్కడే అంటుకుంటాయి. పళ్ల గారలాగే మొదట పలచగా పట్టి, తర్వాత గట్టిపడుతుంది. వేడి దాటదు. ట్యాంకులకు చేరే నీరు చల్లారదు, బాయిలర్‌కు వెళ్లే నీరు వేడెక్కదు, గ్యాస్ ఖర్చు పెరుగుతుంది. చివరికి గొట్టాల కట్టను బయటికి లాగి, హై ప్రెషర్ నీటితో కొట్టి కడగాల్సిందే.

తిరిగి వాడేకొద్దీ సమస్య ముదురుతుంది. ఇక్కడి బాయిలర్లు మురికి నీటినీ తట్టుకునే రకం, వచ్చిన నీటిలో 75-80 శాతాన్నే ఆవిరి చేస్తాయి. ఉప్పంతా మిగిలిన దాంట్లో చిక్కబడుతుంది. అందులో కొంత మళ్లీ శుద్ధికే వస్తుంది. సున్నం, మెగ్నీషియం ఆక్సైడ్ కలిపి సిలికాను లాగేసినా, సేంద్రియాలు చాలావరకు దాటిపోతాయి. 2000ల నుంచి కొన్ని ప్లాంట్లు నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని మళ్లీ నీరుగా పట్టే ఎవాపరేటర్లు పెట్టాయి. నీరు బాగా శుభ్రపడింది గానీ గార ఎవాపరేటర్‌లోకి మారింది.

నా మటుకు నాకు ఇది మెయింటెనెన్స్ లోపం కాదు, నీటిని చల్లార్చాలన్న పాత నిర్ణయం ఫలితం. నీరు వేడిగా ఉండగానే నూనెను వడకట్టే సిరామిక్ పొరలను పరీక్షించడం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే ప్రయత్నమే. ఈలోగా ప్లాంట్లు పక్కనే అదనపు ఎక్స్ఛేంజర్ ఒకటి పెట్టుకుంటున్నాయి, ఒకదాన్ని కడుగుతుంటే రెండోది నడిచేలా.