ఎందుకైనా మంచిదని అడిగిన 64 జీబీ

మెదడు స్కాన్ల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి ఆమధ్య నన్నొక ప్రశ్న అడిగింది. "మా ల్యాబులో రసాయనాల్లేవు, ఎలుకల్లేవు, వాడి పారేసే ప్లాస్టిక్ గొట్టాల్లేవు. ఉన్నదల్లా కంప్యూటరే. ఇక మావల్ల పర్యావరణానికి నష్టమేముంటుంది సార్?"

జవాబు చెప్పకుండా, ఆమె రోజూ క్లస్టర్‌కి, అంటే అందరూ కలిసి వాడుకునే సర్వర్ల గుంపుకి, పంపే స్క్రిప్టు (ఏం చెయ్యాలో చెప్పే ఆదేశాల పట్టీ) తెరిచి చూపించమన్నాను. మొత్తం ఇరవై లైన్లు కూడా లేవు. పైనుంచి నాలుగో లైనులో ఉంది: ఒక్కో జాబుకి, అంటే క్లస్టర్‌కి అప్పగించే ఒక్కో పనికి, మెమరీ 64 జీబీ.

"64 ఎందుకమ్మా?"

"మా సీనియర్ పెట్టారు సార్. ఆవిడకి వాళ్ళ సీనియర్ ఇచ్చారట. ఎందుకైనా మంచిదని మేమెవరం ముట్టుకోలేదు."

నా జవాబంతా ఆ 64 చుట్టూనే తిరిగింది. ఇక్కడా దాని గురించే రాస్తున్నాను.

ముందు ఆమె చేసే పనేమిటో చూద్దాం. ఎమ్మారై తీసిన బొమ్మలోంచి మెదడు పైపొరను, దాని ముడతలన్నిటితో సహా, ఒక ఉపరితలంగా గీయించాలి. ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. ఒక మనిషి బొమ్మకి ఒక ప్రాసెసర్ కోర్ (లెక్కలు చేసే భాగం) మీద ఎనిమిది గంటలు అనుకుందాం. ఇంకా ఎక్కువ పట్టే రోజులూ ఉంటాయి. ఆమె దగ్గర వెయ్యిమంది బొమ్మలున్నాయి.

కరెంటు లెక్క కట్టడానికి 2021లో లోయిక్ లానెలాంగ్, మైకేల్ ఇనోయె బృందం గ్రీన్ అల్గారిథమ్స్ పేరుతో ఒక పద్ధతి ఇచ్చింది. కోర్ తినే వాట్లు, మెమరీ తినే వాట్లు కూడి, గంటలతో గుణించాలి. సర్వర్ల గదిని చల్లబరచడం లాంటి పైఖర్చు కోసం దాన్ని మరో అంకెతో గుణించాలి. ఆ గది వివరాలు తెలియకపోతే 1.67 తీసుకోమంటారు. ఇందులో నాకు బాగా నచ్చిన అంకె మెమరీది: ఒక్కో జీబీకి 0.3725 వాట్లు. అదీ వాడిన జీబీలకి కాదు, అడిగిన జీబీలకి.

లెక్క వేద్దాం. కోర్‌కి 12 వాట్లు. 64 జీబీకి 23.84 వాట్లు. అంటే పనిచేసేవాడి కంటే వాడు కూర్చునే గదికే రెట్టింపు ఖర్చు. మొత్తం 35.84 వాట్లు, ఎనిమిది గంటలు, పైఖర్చు కలిపితే ఒక మనిషి బొమ్మకి 0.48 యూనిట్లు. ఇదే పనికి 8 జీబీ అడిగితే మెమరీ ఖర్చు 3 వాట్లకు పడిపోతుంది, బొమ్మకి 0.2 యూనిట్లతో సరిపోతుంది. వెయ్యిమందికి 479 యూనిట్లు ఒకవైపు, 200 యూనిట్లు ఇంకోవైపు. మధ్యలో మారింది ఒక లైనులో ఒక అంకె. పరిశోధనలో ఏ జాబూ ఒక్కసారితో అయిపోదు కాబట్టి ఈ తేడాని నాలుగుతోనో అయిదుతోనో గుణించుకోండి.

మనిషి మెదడు మొత్తం నడిచేది సుమారు 20 వాట్లతో. ఆమె భయపడి అడిగిన మెమరీ ఒక్కటే, ఆమె అధ్యయనం చేస్తున్న మెదడు కంటే ఎక్కువ తింటోంది.

అసలు ఖాళీ మెమరీ కరెంటు ఎందుకు తినాలి? ఇక్కడే నాకు ఉత్సాహం ఆగదు. ర్యామ్‌లో, అంటే మనం ఇంతసేపూ చెప్పుకున్న మెమరీలో, ఒక్కో బిట్టు ఛార్జి దాచుకునే ఒక బుల్లి కెపాసిటర్. అందులో ఛార్జి ఉంటే 1, లేకపోతే 0. ఐబీఎమ్‌లో రాబర్ట్ డెన్నార్డ్‌కి 1966లో తట్టిన ఆలోచన ఇది, 1968లో పేటెంటు వచ్చింది. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. చిన్నది, చవక. జబ్బు ఒక్కటే: కారుతుంది. అక్షరాలా ఓటికుండ. అందులో పోసిన ఎలక్ట్రాన్లు సందు చూసుకుని జారిపోతూనే ఉంటాయి. అందుకని మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకి ఒకసారి చిప్పు ప్రతి వరసనీ చదివి, ఉన్నదాన్ని మళ్ళీ నింపాలి. వేడెక్కితే ఇంకా త్వరగా కారుతుంది కాబట్టి ఇంకా తరచుగా నింపాలి. ఇంకో తమాషా ఏమిటంటే, చదవడంలోనే ఛార్జి చెదిరిపోతుంది. చదివిన ప్రతిసారీ తిరిగి రాయాల్సిందే.

64 జీబీ అంటే దాదాపు 55 వేల కోట్ల కుండలు. మెదడులో న్యూరాన్లు, అంటే నాడీకణాలు, 8,600 కోట్లు. వాటికి ఆరు రెట్ల పైమాటే. ఎనిమిది గంటల జాబులో ఒక్కో కుండనీ నాలుగున్నర లక్షలసార్లు చూసుకోవాలి. లోపల మనకి కావలసిన సమాచారం ఉందా, చెత్త ఉందా, అసలేమీ లేదా అన్నది చిప్పుకి అనవసరం. వరస వచ్చిందంటే నింపడమే.

ఇక్కడ ఒక సవరణ చెప్పకపోతే తెలిసినవాళ్ళు నన్ను ఊరికే వదలరు. స్క్రిప్టులో 64 అని రాసినంత మాత్రాన కొత్త ర్యామ్ చిప్పులు వెలగవు, 8 అని రాస్తే ఆరిపోవు. సర్వర్‌లో ఉన్న మెమరీ అంతా ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. జరిగేది వేరే. 256 జీబీ ఉన్న సర్వర్‌లో 64 చొప్పున అడిగితే నాలుగు జాబులు పట్టగానే తలుపులు మూసుకుంటాయి. ఇంకా కోర్లు ఖాళీగానే ఉంటాయి, కానీ మెమరీ లెక్క ప్రకారం చోటు లేదు. మిగతా జాబుల కోసం పక్క సర్వర్ వెలిగించాలి, అది నిండితే ఆ పక్కది. 8 చొప్పున అడిగితే, కోర్లున్నంత వరకు, ముప్పై రెండు జాబులు అదే డబ్బాలో సర్దుకుంటాయి. రైల్లో టవల్ వేసి సీటు ఆపుకున్నట్టన్నమాట. టవల్ బరువెంతని ఎవరూ అడగరు, దానివల్ల ఇంకో బోగీ తగిలించాల్సి వస్తుంది. గ్రీన్ అల్గారిథమ్స్ అడిగిన జీబీలకి లెక్క కట్టడం అందుకే సబబు.

ఇప్పుడు మెదడు వైపు రండి. న్యూరాన్ చుట్టూ ఉండే పొర కూడా ఒక కెపాసిటరే. మందం సుమారు 5 నానోమీటర్లు, దానికి ఆపక్క ఈపక్క 70 మిల్లీవోల్టుల తేడా. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, అంత పల్చటి పొర మీద అది మీటరుకి కోటీ నలభై లక్షల వోల్టులతో సమానం. ఇదీ ఓటికుండే. సోడియం లోపలికి, పొటాషియం బయటికి కారుతూనే ఉంటాయి. వాటిని తిరిగి తోడిపోసే పంపులు పొరనిండా ఉంటాయి: కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒక్కొక్కటి ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లని బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లని లోపలికి లాక్కుంటాయి. మెదడు ఖర్చులో సగానికి పైగా ఈ తోడిపోతకే పోతుంది. రక్తం ఆగిపోతే కొద్ది నిమిషాల్లో పంపులు చేతులెత్తేస్తాయి, కుండలన్నీ ఖాళీ.

లెక్కల పరీక్ష రాస్తున్నా, గోడ చూస్తూ కూర్చున్నా మెదడు ఖర్చులో తేడా పెద్దగా రాదు, అయిదు శాతం లోపే. మనం మెదడులో పది శాతమే వాడతామని ఇప్పటికీ నమ్మేవాళ్ళకి, వేదికలెక్కి చెప్పేవాళ్ళకి ఇదొక్కటి చాలు: తొంభై శాతం ఖాళీగా ఉండే అవయవానికి, అదీ బరువులో రెండు శాతం కూడా మించనిదానికి, ఒళ్ళు తన రాబడిలో అయిదో వంతు ఎందుకు పోస్తుంది?

అయితే రెండు ఓటికుండలకీ ఒక పెద్ద తేడా ఉంది. ర్యామ్ తన జ్ఞాపకాన్ని కారిపోయే ఛార్జిలోనే దాచుకుంటుంది. మెదడు అలా చెయ్యదు. పాత జ్ఞాపకాలు న్యూరాన్ల మధ్య అతుకుల్లో, అంటే సినాప్సుల పరిమాణంలో, ఆకారంలో, బలంలో ఉంటాయి. దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం ఆపరేషన్ థియేటర్లో దొరుకుతుంది. గుండె దగ్గరి పెద్ద రక్తనాళానికి చేసే కొన్ని ఆపరేషన్లలో రోగిని 20 డిగ్రీల దరిదాపులకి చల్లబరిచి, రక్తప్రసరణే కొంతసేపు ఆపేస్తారు. మెదడు విద్యుత్తును చూపించే ఈఈజీ గీత చదునైపోతుంది, మెదడులో విద్యుత్ సందడి ఉండదు. తర్వాత మెల్లగా వేడిచేసి లేపితే, ఆ మనిషికి తన పేరు, పిల్లలు, చదువుకున్న బడి అన్నీ గుర్తుంటాయి. కంప్యూటర్ ప్లగ్గు పీకి పెడితే ర్యామ్‌లో ఏమీ మిగలదు.

ఏడో గంటలో చచ్చిపోయిన జాబు మళ్ళీ మొదటినుంచి మొదలవడం దీని ఫలితమే. అంతవరకు చేసిందంతా ఓటికుండల్లో ఉంది, కుండలతో పాటే పోయింది. ప్రతి దశ తర్వాతా ఫలితాన్ని డిస్కుకి రాసి, ఆగినచోటి నుంచే మొదలుపెట్టేలా జాబు రాసుకోవడం నేనైతే మొదటి వారంలోనే నేర్పిస్తాను. మన పాఠ్యాంశాల్లో దానికి చోటుండదు. గణాంక పరీక్షలు మూడు సెమిస్టర్లు చెబుతాం, జాబు చస్తే ఏం చెయ్యాలో ఒక్క గంట చెప్పం.

ఓటికుండల ఖర్చు ఎంతవరకు పోతుందో చూడాలంటే 2013కి వెళ్ళాలి. జపాన్‌లోని కె కంప్యూటర్ మీద రైకెన్, జర్మనీలోని యూలిష్ కేంద్రం శాస్త్రవేత్తలు కలిసి 173 కోట్ల న్యూరాన్లు, 10.4 లక్షల కోట్ల సినాప్సులున్న అల్లికను నడిపించారు. 82,944 ప్రాసెసర్లు, సుమారు ఒక పెటాబైటు (పది లక్షల జీబీ) మెమరీ. మెదడు కాలంలో ఒక్క సెకను నడపడానికి 40 నిమిషాలు పట్టింది. ఆ యంత్రం పూర్తి వేగంలో 12 మెగావాట్ల పైన తినేది. ఆ లెక్కన ఒక్క సెకనుకి ఎనిమిదివేల యూనిట్లు. ఆ కరెంటుతో 20 వాట్ల మెదడు 45 ఏళ్ళు బతుకుతుంది, అదీ ఆ యంత్రం నడిపినట్టు రెండు శాతం న్యూరాన్ల ముక్క కాదు, మొత్తం మెదడు. ఆరునెలలు సాముచేసి మూలనున్న ముసలమ్మని కొట్టినట్టుందని నవ్వుకోవచ్చు గానీ, అది సాఫ్ట్‌వేర్‌ని, మెమరీని పరీక్షించే ప్రయోగం, దాని పని అది చేసింది. నాకు అందులో అంతకంటే ఆసక్తిగా అనిపించింది ఇంకొకటి. వాళ్ళని ఇబ్బంది పెట్టింది కూడికలూ గుణకారాలూ కాదు, ఇన్ని అతుకుల్ని ఎక్కడ దాచాలన్నది. ఉత్తేజపరిచే న్యూరాన్ల మధ్య ఒక్కో అతుక్కీ 24 బైట్లు. అంటే 192 ఓటికుండలు, ఒక్క అతుకు కోసం.

కరెంటు ఖర్చు, కాలుష్యం తగ్గించే మిగతా మార్గాలు నాకు అంత రుచించవు గానీ, పనికొచ్చేవే. బొగ్గు కరెంటు యూనిట్‌కి ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, జలవిద్యుత్తుకి అందులో చిన్న ముక్క. కాబట్టి తొందర లేని జాబుల్ని గాలీ ఎండా బాగా ఉన్న గంటలకి వాయిదా వెయ్యొచ్చు. ఫాస్ట్‌సర్ఫర్ లాంటి కొత్త సాఫ్ట్‌వేర్, మెదడు భాగాల్ని గుర్తించే పనిని జీపీయూ అనే వేగమైన చిప్పు మీద నిమిషంలో ముగిస్తుంది. అన్నిటికంటే పెద్ద పొదుపు మాత్రం చేసిన పనిని మళ్ళీ చెయ్యకపోవడం. స్కాన్ తీసేది ఒక్కసారే, దాన్ని ప్రాసెస్ చేసేది మాత్రం డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతి ల్యాబూ. పరిశోధకుల కోసం ఆరోగ్య సమాచారం సేకరించే బ్రిటన్ సంస్థ యూకే బయోబ్యాంకు లక్షమందిని స్కాన్ చేసింది. 8 జీబీ లెక్కన కూడా లక్షమందికి ఇరవైవేల యూనిట్లు. పది ల్యాబులు విడివిడిగా చేస్తే రెండు లక్షలు. అందుకే వాళ్ళు ప్రాసెస్ చేసిన ఫలితాలని కూడా ఇస్తున్నారు. "వాళ్ళది నమ్మడం కంటే మనమే చేసుకుందాం, ఎందుకైనా మంచిది" అనే మాట అక్కడా వినిపిస్తుంది.

ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. ఆమె క్లస్టర్‌లో జాబుల్ని సర్దేది స్లర్మ్ అనే షెడ్యూలర్. చాలాచోట్ల అందులో సెఫ్ అనే చిన్న కమాండ్ ఉంటుంది. అయిపోయిన జాబు నంబరు ఇస్తే, అడిగిన మెమరీలో ఎంత వాడావో శాతంలో చెబుతుంది. కొట్టి చూడమన్నాను. 7 శాతం అని వచ్చింది. అంటే నాలుగున్నర జీబీ. మిగతాదంతా టవలే.

ఆ సాయంత్రమే 8కి తగ్గించింది. రెండ్రోజుల తర్వాత ఫోన్. "సార్, మూడు జాబులు మెమరీ చాలక చచ్చిపోయాయి. టెన్షన్‌గా ఉంది, మళ్ళీ 64 పెట్టేస్తాను."

ఆ మూడు బొమ్మలేమిటో చూడమన్నాను. మూడూ వేరే స్కానర్‌లో, ఎక్కువ రిజల్యూషన్‌తో తీసినవి. వాటికి విడిగా 16 అడిగి, మిగతావాటికి 8 ఉంచింది. వెయ్యీ పూర్తయ్యాయి. ఇప్పుడు ఆ నాలుగో లైను పక్కన ఆమె రాసిన చిన్న వ్యాఖ్య ఉంది: ఎందుకు 8, ఎప్పుడు 16, ఏ జాబు మీద కొలిచింది, తేదీ. వచ్చే ఏడు ఆమె జూనియర్లకి అందేది ఆ స్క్రిప్టే.