తామర, కలువ అక్కచెల్లెళ్ళు కావు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నది అడిగిన ప్రశ్న ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. "తిమింగలం పుట్టేదీ బతికేదీ నీళ్ళలోనే కదా, మరి చేప ఎందుకు కాదు తాతయ్యా?" రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

తల్లీ, ఈ పొరపాటు మహామహులే పడ్డారు. జీవులకు పద్ధతిగా పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1735లో అచ్చువేసిన పుస్తకంలో తిమింగలాన్ని చేపల్లోనే కలిపాడు. 1758 నాటి పదో కూర్పులో పాలిచ్చే జంతువుల్లోకి మార్చాడు. దానికి మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. పిల్లను కని పాలిస్తుంది. తోక సంగతి నాకు మరీ ఇష్టం. చేప తోకను పక్కలకు ఊపుతుంది, తిమింగలం పైకీ కిందికీ ఆడిస్తుంది. నేల మీద దూకుతూ పరిగెత్తే చిరుత వెన్ను చూడండి, అదీ అలాగే పైకీ కిందికీ వంగుతుంది. తిమింగలం పూర్వీకులు ఒకప్పుడు నేల మీద నడిచినవే. ఇవాళ బతికున్నవాటిలో దానికి దగ్గరి చుట్టం నీటిగుర్రం!

చూశారా, చుట్టం అన్నాను. జీవుల వర్గీకరణలో చూడాల్సింది పోలిక కాదు, చుట్టరికం. దగ్గరి జాతులన్నీ కలిస్తే ఒక ప్రజాతి, ప్రజాతులు కలిస్తే కుటుంబం, ఆ పైన క్రమం, తరగతి, వర్గం, రాజ్యం. శాస్త్రీయ నామం మన పేర్ల లాంటిదే, ఇంటిపేరు ముందు (అదే ప్రజాతి పేరు), అసలు పేరు తర్వాత. పులి పాంథెరా టైగ్రిస్, సింహం పాంథెరా లియో, చిరుత పాంథెరా పార్డస్. మూడూ ఒకే ఇంటివి. చీతాకూ ఒంటినిండా మచ్చలే, కానీ దాని ఇంటిపేరు వేరు, ఎసినోనిక్స్. చిరుత గర్జిస్తుంది, చీతా గర్జించలేదు.

పుట్టగొడుగును కూడా చాలాకాలం మొక్కల్లోనే లెక్కేశారు. 1969లో అమెరికా శాస్త్రవేత్త విట్టేకర్ జీవుల్ని అయిదు రాజ్యాలు చేసినప్పుడు పుట్టగొడుగుల్లాంటి శిలీంధ్రాలకు సొంత రాజ్యం ఇచ్చాడు. వాటి కణాల గోడల్లో ఉండేది కైటిన్, అంటే రొయ్య పెంకులో ఉండే పదార్థమే. అవి మొక్కలకన్నా జంతువులకే దగ్గర.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మాత్రం తామర. చెరువులో తామరనీ కలువనీ పక్కపక్కన చూసినవాళ్ళెవరైనా అక్కచెల్లెళ్ళే అనుకుంటారు. 1753లో లినేయస్ తామరకు కలువల ఇంటిపేరే పెట్టాడు, నింఫియా నెలంబో అని. తర్వాత ప్రజాతి వేరుచేసి నెలంబో న్యూసిఫెరా అన్నారు, అయినా చాలామంది కలువల కుటుంబంలోనే ఉంచారు. 1990ల్లో డీఎన్ఏ పోల్చి చూస్తే లెక్క తలకిందులైంది. తామరకు దగ్గరి చుట్టాల్లో ఒకటి కాశ్మీర్లో కనిపించే చినార్ చెట్టు! నీళ్ళలో బతికే పువ్వెక్కడ, నేల మీద అంత ఎత్తు పెరిగే మానెక్కడ! ఒకేచోట బతకడం వల్ల తామర, కలువ ఒకేలా తయారయ్యాయి, అంతే.

అయినా ఆకులు ముందే చెబుతున్నాయి. కలువాకు నీటి మీద పరుచుకుని ఉంటుంది, అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక. ముదిరిన తామరాకు నీటికి పైకి లేస్తుంది, చీలిక ఉండదు, కాడ సరిగ్గా నడిమధ్యలో అతుక్కుని ఉంటుంది. పువ్వు నడుమ పచ్చటి దిమ్మె, దానిలో గుంటలు, గుంటకో గింజ. కలువలో ఈ దిమ్మె కనిపించదు.

ఈసారి చెరువు దగ్గరికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. ఆకు తిరగేసి, కాడ ఎక్కడ అతికిందో బొమ్మ గీసి నాకు పంపండి. ఏది తామరో, ఏది కలువో పేరు రాయకండి, నేను చెబుతాను.

మీ
తాతయ్య