వెలుగు గళ్ళలో లిథియం నడక

చిన్నారులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో మీరడిగారు: "తీగలో ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి అడ్డం పడతాయంటావు, అది ఎవరైనా చూశారా?" అని. తీగలో ఎవరూ చూడలేదు. ఎలక్ట్రాన్లు మరీ చిన్నవి, వాటి పరుగు మరీ వేగం. కానీ అలాంటి నడకనే మరోచోట నెమ్మదిగా నడిపించి చూశారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు చిక్కేమిటో చెబుతాను. మామూలు రాగి తీగలో ఎలక్ట్రాన్ ఒక ఢీకీ మరో ఢీకీ మధ్య సుమారు వంద పరమాణువులను దాటిపోతుంది. వేడి పెరిగితే ఆ దూరం తగ్గుతుంది, నిరోధం పెరుగుతుంది. ఎంత తగ్గినా, పక్కపక్క పరమాణువుల మధ్య ఉన్న దూరం కన్నా తగ్గకూడదు కదా? అంటే నిరోధం ఎక్కడో ఒకచోట పెరగడం ఆగాలి. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు అతివాహకత (బాగా చల్లబరిస్తే నిరోధం పూర్తిగా మాయమయ్యే గుణం) కనిపెట్టిన రాగి ఆక్సైడ్ల జాతిలో అది ఆగదు. హద్దు దాటాక కూడా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పెరుగుతూనే పోతుంది. ఇలాంటివాటికి భౌతికశాస్త్రంలో 'చెడ్డ లోహాలు' అని పేరు పడింది.

వీటిలో ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. ఒకటి కదలాలంటే పక్కది చోటివ్వాలి. 1963లో హబ్బర్డ్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని చదరంగం గళ్ళలాంటి బొమ్మగా మార్చాడు. ఒక గడి ఖాళీగా ఉండొచ్చు, పైకి స్పిన్ (ఎలక్ట్రాన్‌కు పుట్టుకతో ఉండే, పైకో కిందికో చూపే చిన్న అయస్కాంతం లాంటి గుణం) ఉన్న ఎలక్ట్రాన్ ఉండొచ్చు, కిందికి స్పిన్ ఉన్నది ఉండొచ్చు, లేదా రెండూ ఉండొచ్చు. రెండూ ఒకే గడిలో ఇరుక్కుంటే శక్తి ఎక్కువ ఖర్చవుతుంది. ఇంతే నియమం! కానీ గడికి నాలుగు వీలులంటే 16 గళ్ళకు 429 కోట్లకు పైనే. 20 గళ్ళకు లక్ష కోట్లు దాటుతుంది. కాగితం తీసుకుని నాలుగుతో గుణిస్తూ పోండి, కంప్యూటర్లు ఎందుకు చేతులెత్తేస్తాయో మీకే తెలుస్తుంది.

లెక్క కుదరకపోతే ఆ బొమ్మనే నిజంగా తయారుచేస్తే? లేజర్ కిరణాలను ఎదురెదురుగా పంపితే వెలుగు, చీకటి గళ్ళు గళ్ళుగా ఏర్పడతాయి. ఎలక్ట్రాన్ల బదులు ఆ గళ్ళలో లిథియం-6 పరమాణువులను కూర్చోబెడతారు. లిథియమే ఎందుకో వేళ్ళ మీద లెక్కపెట్టండి: 3 ప్రోటాన్లు, 3 న్యూట్రాన్లు, 3 ఎలక్ట్రాన్లు, మొత్తం 9. బేసి సంఖ్య వచ్చిందంటే ఆ పరమాణువు మొత్తం ఎలక్ట్రాన్ లాగే ఫెర్మియాన్. ఒకే స్థితిలో రెండు ఇమడవు. ఒక్క న్యూట్రాన్ ఎక్కువైతే 10, ఇక ఈ పనికి రాదు. ప్రకృతి ఇంత చిన్న లెక్క మీద నడుస్తుందని తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

వీటిని ముందు లేజర్లతో నెమ్మదింపజేసి, తర్వాత బాగా వేడిగా ఉన్నవాటిని బయటికి పోనిచ్చి, మిగిలినవాటిని పరమ శూన్య ఉష్ణోగ్రతకు, అంటే ఇక అంతకన్నా చల్లబరచలేని హద్దుకు, అతి దగ్గరగా చల్లబరుస్తారు. గళ్ళ మధ్య దూరం అసలు స్ఫటికంలో కన్నా వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. అందుకే సూక్ష్మదర్శినిలో ఒక్కో పరమాణువూ ఒక్కో చుక్కలా కనిపిస్తుంది.

పరమాణువులకు విద్యుదావేశం లేదు కాబట్టి బ్యాటరీ పెట్టి నడిపించలేం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో వసీం బక్ర్ బృందం ఏం చేసిందో చూడండి. చారలు చారలుగా వెలుగు వేసి, పరమాణువులు కొన్ని వరసల్లో ఒత్తుగా, కొన్నిట్లో పలచగా ఉండేలా చేశారు. చటుక్కున ఆ వెలుగు తీసేశారు. ఒత్తుగా ఉన్నవి పక్కకు జరుగుతాయి, చారలు మెల్లగా చెరిగిపోతాయి. ఎంతసేపట్లో చెరిగాయో చూస్తే అవి ఎంత సులువుగా నడవగలవో తెలుస్తుంది, దాన్నుంచి నిరోధం లెక్కకడతారు. ఫోటో తీస్తే ఆ అమరిక చెదిరిపోతుంది, కాబట్టి ప్రతి ఫోటోకీ మళ్ళీ మొదటినుంచి చల్లబరచాలి. ఆ ఓపికకు నా దణ్ణం.

2019లో ఫలితం ప్రకటించారు. ఇక్కడా నిరోధం ఉష్ణోగ్రతతో తిన్నగా పెరిగింది, హద్దు దగ్గర ఆగలేదు. అసలు పదార్థంలో స్ఫటికం కంపిస్తుంది, మలినాలుంటాయి. ఏది దేనికి కారణమో విడదీయలేం. వెలుగు గళ్ళలో ఆ కంపనాలూ లేవు, మలినాలూ లేవు. ఒకదాన్నొకటి నెట్టుకునే ఫెర్మియాన్లు మాత్రమే ఉన్నాయి. చెడ్డ లోహం పుట్టడానికి అవి చాలునన్నమాట. ఈ మాట ఏ తీగను కోసి చూసినా దొరికేది కాదు.

పని ఇంకా పూర్తి కాలేదు. గళ్ళు దూరందూరంగా ఉండి, పరమాణువులు ఒక గడి నుంచి పక్క గడికి వేసే గెంతులు నెమ్మదిగా సాగుతాయి కాబట్టి, ఉష్ణోగ్రతను ఆ గెంతు శక్తితోనే పోల్చి చూడాలి. అలా చూస్తే ఇంత చలి కూడా రాగి ఆక్సైడులో వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడితో సమానం. అతివాహకత పుట్టే చోటికి చేరాలంటే ఇంకా ఎంతో చల్లబరచాలి.

అదే ఏడాది ఎం.ఐ.టి.లో మరో బృందం ఇలాంటి గళ్ళలోనే స్పిన్ ఎలా ప్రవహిస్తుందో కొలిచింది. వాళ్ళు వాడింది పొటాషియం-40. దాని ప్రోటాన్లు 19. మిగతావి మీరే లెక్కపెట్టి, బేసి వచ్చిందో సరి వచ్చిందో జవాబులో రాయండి.

మీ
అమ్మమ్మ