17 కేసులకు దిగి, 5 లక్షలు దాటిన మలేరియా

1963లో శ్రీలంక మొత్తమ్మీద నమోదైన మలేరియా కేసులు 17. వాటిలో 11 బయటి నుంచి వచ్చినవే. 1934-35లో ఇదే జబ్బు అక్కడ సుమారు 80 వేల మందిని బలితీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంటింటా డిడిటి అనే దోమల మందు కొట్టి ఇంతదూరం వచ్చారు. ఇక పనైపోయిందని పిచికారీ ఆపేశారు, నిఘా సడలించారు.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. అక్కడ మలేరియాను మోసే క్యూలిసిఫేసీస్ దోమకు కావలసిందీ అదే. ఏరు జోరుగా పారితే దాని పిల్లపురుగులు కొట్టుకుపోతాయి. ఎండితే ఇసుకలో మిగిలిన మడుగుల్లో నిక్షేపంగా పెరుగుతాయి. ఎలహెరలో రత్నాల కోసం తవ్విన గుంతలు, ఆ తవ్వకాలకు నలుమూలల నుంచి చేరిన జనం దానికి తోడయ్యారు. 1969లో కేసులు 5 లక్షలు దాటాయి. మళ్లీ డిడిటి పట్టుకుంటే దోమ దానికి లొంగడం మానేసింది. 1977లో మరో పురుగుమందు మలాథియాన్‌కు మారక తప్పలేదు.

స్థానికంగా సోకిన చివరి కేసు 2012 అక్టోబరులో వచ్చింది. 2016 సెప్టెంబరులో శ్రీలంక మలేరియా రహిత దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. పోయింది పరాన్నజీవే, దోమ కాదు. పైగా మన నగరాల్లో వాటర్ ట్యాంకుల్లో పెరుగుతూ మలేరియాను మోసే స్టీఫెన్సై దోమ ఆ ఏడాది చివర్లోనే మన్నార్‌లో కనిపించింది. 2018లో మొనరాగల జిల్లాలో భారత్ నుంచి పని కోసం వచ్చిన ఒకరి వైవాక్స్ రకం మలేరియా అక్కడే పనిచేసే స్థానికుడికి సోకింది. వెంటనే పట్టుకోబట్టి అక్కడితో ఆగింది.

వైవాక్స్‌తో చిక్కేమిటంటే అది కాలేయంలో నెలల తరబడి నిద్రపోతుంది. విమానాశ్రయంలో రక్తం తీసి చూసినా దొరకదు. రక్తంలోని పరాన్నజీవి క్లోరోక్విన్‌తో చస్తుంది, కాలేయంలోది చావదు. దానికి ప్రైమాక్విన్ కావాలి: రోజుకు కిలోకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున, అంటే 60 కిలోల మనిషికి 15 మిల్లీగ్రాములు, 14 రోజులు. మూడో రోజుకే జ్వరం తగ్గడంతో చాలామంది మాత్రలు మానేస్తారు. జబ్బు తిరగబెట్టేది అందుకే. ముందుగా జి6పిడి అనే ఎంజైము పరీక్ష చేయాలి. ఆ ఎంజైము లోపం ఉన్నవారిలో ఈ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. గర్భిణులకు అసలు ఇవ్వరు.

ఆఫ్రికా నుంచి వచ్చే ఫాల్సిపారం రకం ఇలా దాక్కోదు, కానీ ప్రాణం మీదికి తెచ్చేది అదే. శ్రీలంకలో ఇప్పటి కుర్ర డాక్టర్లలో చాలామంది మలేరియా రోగిని చూసి ఉండరు. జ్వరమంటే ముందు డెంగీ అనుకుంటారు. ఏడాదిలోపు విదేశానికి వెళ్లొచ్చారా అని అడగాలి, అవునంటే ఆ రోజే మైక్రోస్కోపులో చూసేందుకు రక్తపు స్లైడు తీయాలి. మొదటి స్లైడులో కనబడకపోయినా వదలకూడదు, 12 నుంచి 24 గంటల తేడాతో మరో రెండుసార్లు చూడాలి.