మౌంటెన్ బైక్ టైర్లో గాలి ఎంత ఉండాలి: అపోహలు - వాస్తవాలు

ట్రెయిల్ రైడింగ్ (కొండల్లో, అడవుల్లో మట్టి, రాళ్ళ దారుల మీద సైకిల్ తొక్కడం) నేర్చుకోడానికి కొత్తగా ఎవరొచ్చినా నేను ముందు వాళ్ళ టైర్లకి గేజ్ పెట్టి చూస్తా. చాలాసార్లు 40 పీఎస్ఐ (గాలి పీడనాన్ని కొలిచే యూనిట్) పైనే ఉంటుంది. రాళ్ళ మీద బండి ఎగిరిపడుతోంది, చేతులు లాగేస్తున్నాయి, దిగేటప్పుడు భయమేస్తోంది, సస్పెన్షన్ పోయిందేమో అంటుంటారు, తీరా చూస్తే సస్పెన్షన్ బానే ఉంటుంది, టైర్లో గాలే ఎక్కువ. ఖర్చే లేకుండా రెండు నిమిషాల్లో తీరిపోయే సమస్య ఇది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

అపోహ: టైరు ఎంత గట్టిగా ఉంటే అంత స్పీడు.

నున్నటి తారు రోడ్డు మీద చాలావరకు నిజమే. ట్రెయిల్ మీద కాదు. గట్టి టైరుకి రాయి తగిలిన ప్రతిసారీ మీరూ సైకిలూ కలిసి కాస్త పైకి లేస్తారు, ఆ లేపే బలం ఎక్కడ్నుంచి వస్తుందంటే మీరు తొక్కిన తొక్కుడులోంచే. కాస్త మెత్తగా ఉన్న టైరు ఆ రాయి చుట్టూ నొక్కుకుని దాన్ని మింగేసి ముందుకెళ్ళిపోతుంది. చిక్కేంటంటే గట్టి టైరు గడగడలాడుతుంటే మనకి వేగంగా పోతున్నట్టే అనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒకే గతుకుల దారిని రెండు రకాలుగా తొక్కి టైం చూసుకోండి. వేర్లున్న ఎత్తు ఎక్కేప్పుడు వెనక చక్రం జారకుండా పట్టు దొరకడం దీనికి అదనం.

అపోహ: టైరు పక్కన రాసిన నంబరే కొట్టాలి.

అది గరిష్ఠం అండీ, ఇంతకి మించొద్దు అని చెప్పడానికి వేసిన అంకె. రిమ్‌కీ ఒక పరిమితి ఉంటుంది, రెండిట్లో ఏది తక్కువైతే అది దాటకూడదు, అంతే.

అపోహ: ఫలానా రేసర్ 22 పెడతాడంట, నేనూ అదే పెడతా.

అందరికీ పనికొచ్చే ఒక్క నంబరు లేదు. మీ బరువు, టైరు వెడల్పు, దాని గోడ మందం, రిమ్ లోపలి వెడల్పు, ట్యూబ్ ఉందా లేదా, కింద రాయా మట్టా, ఇవన్నీ కలిస్తేనే మీ నంబరు. మొదలుపెట్టడానికి ఒక లెక్క చెప్తా: బ్యాగు, నీళ్ళతో కలిపి మనిషి బరువు 75 కిలోలు, టైరు 2.4 అంగుళాలు, ట్యూబ్‌లెస్ అయితే ముందు 22, వెనక 25. ట్యూబ్ ఉంటే ఇంకో 3 నుంచి 5 కలపండి. 2.6 టైరైతే ఒకటి రెండు తగ్గించొచ్చు, ఎందుకంటే లోపల గాలి పరిమాణం ఎక్కువ. ఈ-బైక్ బరువు ఎక్కువ కాబట్టి ఒకటి రెండు పెంచాలి.

అక్కడ్నుంచి అసలు పని మొదలు. మీకు బాగా తెలిసిన ట్రెయిల్లో ఒక చిన్న ముక్క ఎంచుకోండి, అందులో ఒక మలుపు, కొన్ని రాళ్ళు ఉండాలి. దాన్ని తొక్కి, 1 పీఎస్ఐ తగ్గించి మళ్ళీ తొక్కండి, అలా ఒక్కొక్కటే. ఒక దగ్గరికొచ్చేసరికి మలుపులో టైరు కింద మడతపడుతున్నట్టు, హ్యాండిల్ తిప్పాక బండి కాస్త ఆలస్యంగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది, లేదా రాయి మీద రిమ్ టంగుమంటుంది. అక్కడ ఆగి ఒకటో రెండో తిరిగి కొట్టండి, అదే మీ నంబరు. రాసిపెట్టుకోండి. వాన పడ్డాక రాళ్ళూ వేర్లూ తడిగా ఉంటే నేను అందులోంచి ఇంకోటి తగ్గిస్తా.

అపోహ: ముందూ వెనకా సమానంగా ఉండాలి.

కూర్చుని తొక్కేప్పుడు బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే ఉంటుంది, రాళ్ళ దెబ్బలు కూడా దానికే గట్టిగా తగుల్తాయి. ముందు చక్రం పని దారి పట్టుకోవడం, అది జారితే మనిషి పడ్డట్టే. కాబట్టి ముందు టైరు వెనకదానికంటే 2-3 పీఎస్ఐ తక్కువ ఉండాలి.

అపోహ: ట్యూబ్‌లెస్ కదా, ఎంత తగ్గించినా ఏం కాదు.

ట్యూబ్‌కి పాము కాటులా పక్కపక్కనే పడే రెండు చిల్లుల బాధ పోయిన మాట నిజమే. కానీ గాలి మరీ తక్కువైతే గట్టి మలుపులో టైరు అంచు రిమ్ నుంచి ఒక్క క్షణం వదిలేసి భుస్సుమని గాలి పోతుంది, సరిగ్గా పట్టు కావాల్సిన చోటే. నేను ఒకసారి రాళ్ళ దిగుడులో వెనక 18తో వెళ్ళాను, ఒకే ఒక్క దెబ్బకి రిమ్ అంచు లోపలికి వంగిపోయింది, ఆ రిమ్ మళ్ళీ సరిగ్గా గాలి పట్టలేదు. టైరు లోపల ఫోమ్ ఇన్సర్ట్ (మెత్తటి నురుగు పట్టీ) వేసుకుంటే రిమ్‌కి కొంత కాపు ఉంటుంది. సీలెంట్ (చిల్లుల్ని పూడ్చే ద్రవం) పోశాం కదా అని గాలి చూడకుండా ఉండొద్దు, అది కొన్ని నెలల్లో ఎండిపోతుంది, గాలి కూడా రోజురోజుకీ కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది.

అపోహ: బొటనవేలితో నొక్కితే తెలిసిపోతుంది.

తెలీదు. మందం గోడల డౌన్‌హిల్ టైరు 20లోనే రాయిలా తగుల్తుంది, పల్చటి టైరు 26లో కూడా మెత్తగా ఉంటుంది. పెద్ద పంపుల మీదుండే గేజ్‌ని కూడా నేను అంత నమ్మను, 160 దాకా గీతలున్న డయల్లో 21కీ 24కీ తేడా వెంట్రుక వాసి. తక్కువ పీడనానికి చేసిన గేజ్ ఒకటి కొనుక్కోండి, అది ఒకటి అటూ ఇటూ చూపించినా పర్లేదు, ఎప్పుడూ అదే వాడితే చాలు. ఇంకోటి, పంపు తీసేప్పుడు వచ్చే ఆ బుస్ శబ్దానికి కంగారుపడి ముందే రెండు ఎక్కువ కొట్టేవాళ్ళుంటారు, సన్నటి ప్రెస్టా వాల్వ్ అయితే ఆ పోయేది పంపు గొట్టంలో గాలే, టైర్లోది కాదు.

అపోహ: ఇంట్లో సరిచూస్తే చాలు.

వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే టైర్లో 1 పీఎస్ఐ పైనే తగ్గుతుంది. అదే సైకిల్‌ని కారుకెక్కించి 1000 మీటర్లు పైకి తీసుకెళ్తే బయటి గాలి పీడనం తగ్గడం వల్ల గేజ్ ఒకటిన్నర దాకా ఎక్కువ చూపిస్తుంది. నేనైతే గేజ్ బ్యాగులోనే పెట్టుకుని, హెల్మెట్ పెట్టుకునే ముందు ట్రెయిల్ మొదట్లోనే చూసుకుంటా.