కెనడా రహస్య జాబితా: ముడి పడింది 1994లో

కెనడాలో నాజీ అనుమానితుల జాబితా గొడవ మళ్లీ రాజుకుంది. కెనడాలో ఉన్న యుద్ధ నేరగాళ్లపై విచారించిన డెషెన్ కమిషన్ 1986 నాటి నివేదికలో రెండో భాగాన్ని, అంటే పేర్లున్న భాగాన్ని, ఇచ్చేది లేదని ఆ దేశ జాతీయ ఆర్కైవ్స్ 2024 నవంబర్‌లో తేల్చేసింది. విదేశీ సంబంధాలు దెబ్బతింటాయన్నది చూపిన కారణం. 2023 సెప్టెంబర్‌లో జెలెన్‌స్కీ ఎదుట పార్లమెంటు లేచి నిలబడి ఓ 98 ఏళ్ల వృద్ధుడికి చప్పట్లు కొట్టడం, ఆయన ఉక్రెయిన్ వాళ్లతో ఏర్పాటైన, హిట్లర్ సాయుధ దళం ఎస్ఎస్‌లోని గలీషియా డివిజన్‌లో పనిచేశాడని తేలడం, స్పీకర్ రాజీనామా, ట్రూడో క్షమాపణ అందరికీ గుర్తున్నవే.

ఈ చర్చ ఎప్పుడు లేచినా 1950 దగ్గర ఆగిపోతుంది. ఆ డివిజన్ మాజీ సైనికుల్ని కెనడా మంత్రివర్గం రానిచ్చిన ఏడాది అది. కానీ ఇప్పటి చిక్కుకు మూలం 1994 మార్చి 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది.

ఆ కేసులో నిందితుడు ఇమ్రే ఫింటా. అతను 1944లో హంగరీలోని సెగెద్‌లో జెండార్మ్ (సాయుధ పోలీసు) దళ కెప్టెన్. ఆ ఊరి ఇటుకల బట్టీలో 8,617 మంది యూదుల్ని నిర్బంధించారు. ఒంటిమీది నగలు, దాచుకున్న డబ్బు లాక్కున్నారు. ఆ తర్వాత గూడ్సు పెట్టెల్లో కుక్కి నాజీ శిబిరాలకు పంపేశారు. లోపల వెలుతురు లేదు, గాలి లేదు, తాగడానికి చాలినన్ని నీళ్లు లేవు. దారిలోనే ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఇదంతా ఫింటా ఆధ్వర్యంలోనే జరిగిందన్నది అభియోగం. యుద్ధం ముగిశాక అతను కెనడా చేరి టొరంటోలో రెస్టారెంట్ నడిపాడు. విదేశాల్లో జరిగిన యుద్ధ నేరాల్ని కెనడాలో విచారించేందుకు 1987లో శిక్షాస్మృతిని సవరించాక, ఆ సవరణ కింద మొదట బోనెక్కింది అతనే. నలభై అయిదేళ్లు గడిచాక, బతికి బయటపడ్డవాళ్లు కోర్టుకొచ్చి ఆ బట్టీ గురించి చెప్పారు. 1990లో జ్యూరీ నిర్దోషి అంది.

సుప్రీంకోర్టు దాన్ని 4–3తో ఖాయం చేసింది. బంధించాడు, దోచుకున్నాడు అని రుజువు చేస్తే చాలదట. తాను చేస్తున్న పనిని మానవాళిపై నేరంగా మార్చే పరిస్థితులు అతనికి తెలుసని కూడా ప్రాసిక్యూషన్ నిరూపించాలట. పైవాళ్ల ఆదేశాలు పాటించానన్న వాదనకూ చోటు దొరికింది. అంత బరువు ప్రాసిక్యూషన్ మీద మోపనక్కర్లేదని ముగ్గురు న్యాయమూర్తులు గట్టిగా విభేదించారు. ఒక్క ఓటు అటు నుంచి ఇటు మారి ఉంటే విచారణ మళ్లీ మొదలయ్యేది.

ఆ తీర్పుతో ప్రాసిక్యూషన్లు నీరుగారిపోయాయి. 1987 సవరణ కింద నాలుగు కేసులు పెట్టారు, ఒక్కదాంట్లోనూ శిక్ష పడలేదు. 1995 నుంచి ప్రభుత్వం పౌరసత్వం రద్దు, దేశ బహిష్కరణ అనే దారి పట్టింది. నాజీ హంతక దళంలో దుభాషిగా పనిచేసిన హెల్ముట్ ఓబర్‌లాండర్ పౌరసత్వాన్ని నాలుగుసార్లు రద్దు చేశారు. తనను బలవంతంగా చేర్చుకున్నారని, ఎవరినీ చంపలేదని అతను చివరిదాకా వాదించాడు. బహిష్కరణ విచారణ తేలకుండానే 2021లో, 97వ ఏట, వాటర్లూలోని సొంత ఇంట్లో కన్నుమూశాడు.

ఇక్కడ మళ్లీ డెషెన్ దగ్గరికి వెళ్లాలి. నరహంతక వైద్యుడు మెంగెలె కెనడా రావడానికి దరఖాస్తు చేశాడన్న వార్త గుప్పుమన్నాక, 1985 ఫిబ్రవరిలో ప్రధాని మల్రోనీ ప్రభుత్వం వేసిన కమిషన్ అది. మెంగెలె కథ నిలవలేదు. వేలల్లో నేరగాళ్లున్నారన్న ప్రచారం అతిశయోక్తి అని, గలీషియా డివిజన్‌ను మూకుమ్మడిగా దోషిగా నిలబెట్టలేమని జస్టిస్ డెషెన్ రాశారు. ఉక్రెయిన్ సంతతి సంఘాలు నేటికీ చూపేది ఆ మాటనే. పేర్లు బయటికొస్తే తమవాళ్లందరి మీదా మచ్చ పడుతుందన్న వాళ్ల భయానికీ చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో కెనడా 8,579 మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టింది, వాళ్లలో ఎక్కువమంది ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లే. పైగా ఇప్పుడు ఏ పేరు బయటికొచ్చినా రష్యా వాడుకుంటుందంటున్నారు.

అయితే 1986లో పేర్లు మూసిపెట్టడం వెనక ఓ ఒప్పందం ఉంది. నేరం రుజువుకాని మనిషి పరువు బజారున పడకూడదు, ఆధారాలున్న కేసుల్ని కోర్టు తేలుస్తుంది. అప్పటికది న్యాయమైన మాటే. 1994లో కోర్టు దారి మూసుకుపోయింది, గోప్యత మాత్రం అలాగే మిగిలింది. బాధితుల పిల్లలు, మనవలు అడుగుతున్నది దీని గురించే. తమ తాతల్ని పెట్టెల్లోకి ఎక్కించినవాళ్లకు శిక్ష ఎలాగూ లేదు, కనీసం ప్రభుత్వానికి ఏం తెలుసో, తెలిసీ ఏం చేసిందో చెప్పమంటున్నారు. కమిషన్ కోసం చరిత్రకారిణి ఆల్టీ రోడాల్ రాసిన అధ్యయనంలో ఏళ్లతరబడి నల్లసిరా పూసి ఉంచిన పేజీల్ని 2024 ఫిబ్రవరిలో విడుదల చేశారు. దానివల్ల ఏ ఉపద్రవమూ రాలేదు.

పరువు వాదన కూడా లెక్కకు నిలవదు. కమిషన్ ప్రధాన జాబితాలోని 774 మందిలో 341 మంది అసలు కెనడాలో అడుగే పెట్టలేదు. మరో 154 మంది మీద ఆధారాలు దొరకలేదు. ఇతర కారణాలవీ కలిపి మొత్తం 606 ఫైళ్లు మూసేయమని కమిషనే చెప్పింది. ఆ భాగం బయటికొస్తే వీళ్ల మీది అనుమానమే ముందు తొలగిపోతుంది.