దూబగుంట ఆడవాళ్లు చదివిన పాఠం

అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ గుట్టు బయటపడ్డప్పటి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం గొడవ మళ్లీ రాజుకుంది. దుకాణాలు ప్రభుత్వం చేతిలో ఉంటే మంచిదా, ప్రైవేటు వాళ్లకిస్తే మంచిదా? ఎవరి హయాంలో ఎవరు ఎంత వెనకేసుకున్నారు? సీసా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సరిపోతుందా? చర్చంతా వీటి చుట్టూనే తిరుగుతోంది. ఊళ్లో లైసెన్సు లేకుండా మద్యం అమ్మే బెల్టు షాపు పక్కనే కాపురం చేస్తున్న ఆడమనిషి ఏమంటోందో మాత్రం ఏ పార్టీ అడగడం లేదు. ఈ రాష్ట్రంలో మద్యాన్ని ఎన్నికల అంశంగా మార్చింది అలాంటి ఆడవాళ్లే. ఎలా మార్చారో తెలియకపోతే ఆ తర్వాత వచ్చిన ఏ మద్యం పాలసీ కథా సరిగా అర్థం కాదు.

గాంధీజీ నాటి కల్లు దుకాణాల పికెటింగ్, మద్రాసు రాష్ట్రంలో పాత నిషేధం అందరూ చదువుకున్నవే. నేరుగా 1991 నాటి నెల్లూరు జిల్లాకు వెళ్దాం.

అప్పుడు అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. జిల్లాలో దాని పేరు అక్షరదీపం. కూలి పనుల నుంచి వచ్చి, వంట ముగించుకున్నాక ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చేవారు. చదువు చెప్పేది ఆ ఊరి వలంటీర్లే. కళాజాతాలు పాటలతో, నాటికలతో ఊరూరా తిరిగేవి. వాళ్ల కోసం తయారుచేసిన వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. తాగుబోతు మొగుడి వల్ల నలిగిపోయి చివరికి ప్రాణం పోగొట్టుకున్న ఓ పేద ఇల్లాలి కథ అది. ఆ చావుకు కారకులెవరని పాఠం అడిగింది.

నా ఉద్దేశంలో మలుపు ఇక్కడే ఉంది. తర్వాత వచ్చిన జీవోలు, చట్టాలు, సంతకాలు అన్నీ దీని వెనకాల నడిచినవే. అప్పటిదాకా మొగుడు తాగొచ్చి కొట్టడం ఎవరింటి గొడవ వాళ్లది. తలరాత అనుకోవడం, పుట్టింట్లో చెప్పుకుని ఏడవడం, పిల్లల ముఖం చూసి ఓర్చుకోవడం తప్ప ఇంకో దారి ఉంటుందని ఎవరికీ తోచలేదు. రాత్రి బడిలో పదిమంది కూర్చుని సీతమ్మ కథ చదివేసరికి అది అందరి కథేనని తెలిసింది. సీతమ్మను చంపింది మొగుడే అని ఒకరంటే, వాడికి ప్యాకెట్ అమ్మిందెవరని ఇంకొకరు అడిగే వీలు దొరికింది. అమ్మింది సారా కొట్టువాడు. వాడికి సరుకు పంపింది కాంట్రాక్టరు. కాంట్రాక్టరుకు వేలంలో హక్కు ఇచ్చింది సర్కారు. ఇంట్లో మొదలైన ప్రశ్న ఇలా సెక్రటేరియట్ దాకా వెళ్లింది. ఊళ్లో సారా కొట్టు లేకపోతే ఎలా ఉంటుందో వాళ్లు మొదటిసారి ఊహించుకోగలిగారు. అంతకుముందు ఆ ఊహకే చోటు లేదు.

ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో ఆ ఊహ పనిలోకి దిగింది. తాగిన మత్తులో కూలీలు చెరువులో మునిగి చనిపోయాక ఆడవాళ్లు ముందు ఊరి పెద్దల దగ్గరికి వెళ్లారు. ఫలితం లేకపోవడంతో తామే దారికి అడ్డంగా నిలబడ్డారు. కల్లు బండిని ఆపి, కల్లు పారబోయమన్నారు. కావాలంటే నీ నష్టానికి తలా ఒక రూపాయి వేసుకుంటామన్నారు. బండివాడు మళ్లీ రాలేదు. తర్వాత సారా ప్యాకెట్లతో జీపు వచ్చింది. దాన్నీ చుట్టుముట్టారు, కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామన్నారు. కొట్టు మూతపడింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసిపోయి ‘దూబగుంట రోశమ్మ’గా నిలిచింది. ఆమె 2016లో కన్నుమూశారు.

దూబగుంటలో జరిగినదాన్నే అక్షరాస్యతా కార్యక్రమం తర్వాతి వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా పెట్టారు. కథ చదివి ఆడవాళ్లు కదిలితే ఆ కదలికే మళ్లీ పాఠమై జిల్లాలోని మిగతా ఊళ్లకు చేరింది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన ఆడవాళ్లకు అందులో కనబడింది తమలాంటి కూలి మనుషులే, పక్క మండలాల వాళ్లే. దూబగుంటలో అయింది మనూళ్లో ఎందుకు కాదు అన్న ప్రశ్న 1992లో ఊరూరా లేచింది. చీపుళ్లు, కారంపొడి పట్టుకుని కొట్ల మీదికి వెళ్లారు. ప్యాకెట్లు గుట్టపోసి తగలబెట్టారు. తాగొచ్చిన మగాళ్లకు కొన్ని ఊళ్లలో అన్నం వండలేదు, కొన్ని ఊళ్లలో గాడిదల మీద ఊరేగించారు. తెలంగాణ జిల్లాల్లో నక్సలైట్లు సారా దుకాణాలు మూయించిన చరిత్ర అప్పటికే ఉంది. నెల్లూరులో తేడా ఏమిటంటే, ఎవరూ బయటినుంచి వచ్చి మూయించలేదు. ‘ఈనాడు’ లాంటి పత్రిక ఉద్యమ వార్తలకే ప్రత్యేకంగా చోటు కేటాయించాల్సి వచ్చింది. నెల్లూరులో సారా వేలం పాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆ ప్యాకెట్లు 1980ల్లో వచ్చిన వారుణివాహిని అనే ప్రభుత్వ సారా సరఫరా పథకం తెచ్చినవి. అంతకుముందు తాగాలంటే కొట్టుదాకా నడవాలి. పాలిథీన్ ప్యాకెట్ వచ్చాక సారాయే ఇంటి గుమ్మం దాకా, పొలం గట్టు దాకా నడిచొచ్చింది. 1970-71లో పదుల కోట్లలో ఉన్న సారా ఆదాయం 1991-92కల్లా 800 కోట్లు దాటింది. ఆ డబ్బుతోనే సంక్షేమ పథకాలు నడుపుతున్నామని ప్రభుత్వాలు చెప్పుకున్నాయి. ఈ మాట అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏ ముఖ్యమంత్రి నోటా మారలేదు. కూలి డబ్బులు సాయంత్రానికి ఎటు పోతున్నాయో చూసిన ఆడవాళ్లకు మాత్రం ఆ లెక్క ఎప్పుడూ నమ్మకంగా అనిపించలేదు. వాళ్ల లెక్కే సరైనదని నేననుకుంటున్నాను.

సర్కారు చివరికి దిగొచ్చింది. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చి 216 సీట్లు గెలిచారు. ప్రమాణ స్వీకార వేదిక మీదే ఆ ఫైలుపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. వారుణివాహిని తెచ్చింది కూడా ఆయన ప్రభుత్వమే. పదేళ్లలో ఒక నాయకుడు ఇంత దూరం జరిగారంటే ఆయన్ను జరిపిన బలం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

నిషేధం రెండేళ్లు దాటి నిలిచింది, అంతే. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఎత్తేసింది. ఖజానా ఖాళీ అయిందని, పక్క రాష్ట్రాల నుంచి సరుకు దొంగదారిన వస్తోందని, నాటుసారా పెరిగిందని కారణాలు చెప్పారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఒకటి గమనించాలి. దూబగుంటలో జీపును ఆపిన ఆడవాళ్లు 1995 తర్వాత కాపలాకు అక్కర్లేకుండా పోయారు. ఊరు చేసుకున్న నిర్ణయాన్ని ఎక్సైజ్ కానిస్టేబుల్ చేతిలో పెట్టారు. నిషేధాన్ని నిలబెట్టేది ఎవరన్న విషయంలో ఊళ్లకు ఏ అధికారమూ ఇవ్వలేదు. అందుకే నిషేధం ఎత్తేసేటప్పుడు వాళ్లను అడగాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు.

వాళ్ల చేతిలో మిగిలింది మాత్రం పోలేదు. సారా ఆగాక నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి పేరుతో సాగిన ఆ పని తర్వాత డ్వాక్రా సంఘాల విస్తరణకు దారి వేసింది. ఇవాళ ప్రతి పార్టీ మేనిఫెస్టోలో మొదట పలకరించే మహిళా సంఘాలకు ఆ సారా పోరాటంతో రక్తసంబంధం ఉంది. మద్యం మీద పాలసీ రాసేటప్పుడు మాత్రం ఆ బంధుత్వం ఎవరికీ గుర్తుకు రావడం లేదు.

ఆ తర్వాతి పాలసీలన్నీ ఎలా అమ్మాలన్న దాని మీదే. 2012లో దుకాణాల కేటాయింపులో వేలం పోయి లాటరీ వచ్చింది. 2019లో దశలవారీ నిషేధం హామీతో గెలిచిన జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం అక్టోబరు 1 నుంచి దుకాణాలను తన చేతిలోకి తీసుకుంది. వాటి సంఖ్యను 4,380 నుంచి 3,500కు, తర్వాత ఇంకా తగ్గించింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. ధర పెంచితే తాగుడు తగ్గుతుందని చెప్పారు. అడ్డమైన బ్రాండ్లు, పెరిగిన నాటుసారా, ఆదాయంపైనే చూపు... ఆ ఐదేళ్ల గురించి ఊళ్లలో వినపడ్డ మాటలివి. సంపూర్ణ నిషేధం మాత్రం రాలేదు. ఆ కాలపు మద్యం కుంభకోణం ఆరోపణల కేసు కోర్టుల్లో ఉంది, దాని మీద తీర్పు ఇక్కడ అనవసరం.

2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం మళ్లీ ప్రైవేటుకిచ్చింది. అక్టోబరు 16 నుంచి 3,396 దుకాణాలు తెరుచుకున్నాయి. వాపసు రాని 2 లక్షల ఫీజు కట్టి దాదాపు 90 వేల దరఖాస్తులు వేశారు, దరఖాస్తుల మీదే సుమారు 1,800 కోట్లు వచ్చాయి. 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతుందన్నది ఆ పాలసీలో పేదవాడికి ఇచ్చిన మాట. ఏడాది తిరక్కుండానే నకిలీ మద్యం తయారీ బయటపడింది. తెలంగాణలోనూ తేడా ఏమీ లేదు. 2025లో అక్కడ దరఖాస్తు ఫీజు 3 లక్షలైంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి లైసెన్సుల గడువును 2026 సెప్టెంబరు 30 వరకు పెట్టారు. ఆ తర్వాతి పాలసీ రాసేటప్పుడు డిస్టిలరీలతో, దుకాణదారులతో, ఆర్థిక శాఖతో మాట్లాడటం ఎటూ ఉంటుంది. ఆ బల్ల దగ్గర మహిళా సంఘాలు కూడా కూర్చోవాలి. తమ ఊళ్లో దుకాణం వద్దని, బెల్టు షాపు మూయాలని సంఘం తీర్మానిస్తే ఎక్సైజ్ శాఖ దానికి కట్టుబడేలా నిబంధన రావాలి. 1991లో దూబగుంట ఆడవాళ్లు ఏ నిబంధనా లేకుండా చేసింది ఇదే.